వడ్రంగి తాత, యుద్ధంలో సిపాయి: ఆయన జీవితాన్ని కాగితాల్లో వెతకడం ఎలా?

"మా తాత ఊళ్లో వడ్రంగం చేసేవాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీకి వెళ్లొచ్చాడట. ఆయన వివరాలు ఎక్కడ దొరుకుతాయి?" ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. చాలామంది దీనితోపాటు పాత ఫొటో ఒకటి పంపుతారు. నిక్కరు, నడుముకు పటకా, స్టూడియో తెర ముందు బిగుసుకుని నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది ప్రధానంగా పాత మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్ల కోసం. మొదటి యుద్ధానికీ నిజాం రాజ్యానికీ సంబంధించిన తేడాలు సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ముందు ఒక్క నేపథ్యం. సైన్యానికి తుపాకీ పట్టేవాళ్లు ఎంత అవసరమో, రంపం పట్టేవాళ్లూ అంతే అవసరం. వంతెనలు, పడవలు, షెడ్లు, పెట్టెలు, ఆసుపత్రి బల్లలు అన్నీ చెక్కపనే. అందుకే బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ దళం చేతిపని వచ్చినవాళ్లను వెతికి మరీ చేర్చుకుంది. 1780లో పుట్టిన ఆ దళమే ఇవాళ్టి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. మీ తాత వడ్రంగి అయితే మొదట అనుమానించాల్సింది ఈ దళాన్నే. అయితే అనుమానం వేరు, రుజువు వేరు. ఆర్డ్‌నెన్స్ కోర్, సర్వీస్ కోర్, 1943లో ఏర్పడిన ఎలక్ట్రికల్ మెకానికల్ ఇంజనీర్ల దళం కూడా వడ్రంగులను తీసుకున్నాయి.

కావలసినవి

- తాత పూర్తి పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు
- అప్పటి ఊరు, తాలూకా, జిల్లా
- ఇంట్లో మిగిలిన ప్రతి కాగితం, పతకం, ఫొటో
- ఒక నోటు పుస్తకం, భూతద్దం, మంచి కెమెరా ఉన్న ఫోను
- మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వాన్ని చూపే కాగితం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ నాన్నగారి చదువు సర్టిఫికెట్ లాంటివి చాలు.
- ఓపిక. ఉత్తరానికి జవాబు నెలల తరబడి రాకపోవచ్చు.

1. ఇంట్లో ఉన్న పెట్టెతో మొదలుపెట్టండి

ఇంటర్నెట్ తర్వాత. ముందు ట్రంకు పెట్టె, అటక, దేవుడి గూడు, పాత బీరువా అరలు చూడండి. మీరు వెతికేది ఒక్కటే: ఆయన సర్వీసు నంబరు. ఒకే దళంలో ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉంటారు, నంబరు మాత్రం ఒక్కరిదే. నంబరు దొరికిందంటే సగం పని అయిపోయినట్టే.

అది డిశ్చార్జి పుస్తకం మీద ఉంటుంది. పతకాల మీద, మనీయార్డరు రసీదుల మీద, సైన్యం నుంచి వచ్చిన పోస్టుకార్డు మీద కూడా ఉండొచ్చు. డిశ్చార్జి పుస్తకమే దొరికితే ఇంక అదృష్టమే. తండ్రి పేరు, ఊరు, తాలూకా, చేరిన తేదీ, విడుదలైన తేదీ, సైన్యంలో చేసిన పని, ఒంటిమీది పుట్టుమచ్చలు, నడవడిక మీద అధికారి రాసిన మాట, అన్నీ అందులో ఉంటాయి.

హెచ్చరిక: మడతలు విరిగిపోయేలా ఉన్న కాగితాన్ని బలవంతంగా విప్పకండి. ప్లాస్టిక్ టేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. ఎండ తగలని చోట, నీడ వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసుకోండి. పాత ఫొటో అయితే వెనకవైపు తప్పకుండా చూడండి. స్టూడియో ముద్ర బెంగుళూరుదో, కైరోదో అయితే అదీ ఒక ఆచూకీనే. భుజం పట్టీ మీద లోహపు అక్షరాలుంటే భూతద్దంతో చదవండి, దళం పేరు అక్కడే ఉంటుంది.

2. పెద్దవాళ్లను అడిగేటప్పుడు ప్రశ్న మార్చండి

"తాత ఏ సంవత్సరంలో వెళ్లాడు?" అని అడిగితే "ఏమో నాయనా" అంటారు. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, సంగతులు గుర్తుంటాయి. కాబట్టి ఇలా అడగండి: "విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డప్పుడు తాత ఇంట్లో ఉన్నాడా?" అది 1942 ఏప్రిల్ 6. "స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఊళ్లో ఉన్నాడా?" "పోలీసు చర్యకు ముందే వచ్చాడా?" అది 1948 సెప్టెంబరు. "పెద్దమ్మ పుట్టేటప్పటికి ఉన్నాడా, ఉత్తరం రాశాడా?" ఇలాంటి నాలుగు జవాబులతో చేరిన ఏడాదీ తిరిగొచ్చిన ఏడాదీ దాదాపు తేలిపోతాయి.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. "తాత రంగూను వెళ్లాడు" అన్నంత మాత్రాన సైన్యంలో వెళ్లాడని కాదు. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి వేలమంది కూలికీ పనికీ ఓడెక్కి రంగూను వెళ్లేవాళ్లు. జపానువాళ్లు బర్మాలోకి వచ్చాక అడవుల్లో నడిచి తిరిగొచ్చినవాళ్లలో వాళ్లే ఎక్కువ. "మిలిటరీలో పని" అన్నా అంతే. గన్నవరం లాంటి చోట్ల యుద్ధకాలంలో విమానాల స్థావరాలు కట్టినప్పుడు కాంట్రాక్టర్ల కింద పనిచేసిన వడ్రంగులు ఎందరో ఉన్నారు. వాళ్లకు సర్వీసు నంబరు ఉండదు. "జీతం డబ్బు ఇంటికి మనీయార్డరుగా వచ్చేదా? బట్టలు, బూట్లు సర్కారే ఇచ్చిందా? సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లాడా?" అని అడగండి. మూడింటికీ అవునంటే సిపాయే అయివుంటాడు.

3. పేరునూ ఊరునూ గుమాస్తా రాసినట్టు రాయండి

తెలుగు పేరును చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసింది తెలుగు రాని గుమాస్తా కావొచ్చు. వీరబ్రహ్మం అన్న పేరు మొదట్లో "వీ"కి రెండు రకాలు, చివర "హ్మం"కి మూడు రకాలు రాయొచ్చు. వెంకటాచారి చివర చారి, ఆచారి, ఆచారీ ఏదైనా కావొచ్చు. ఇంటిపేరు పూర్తిగా ఎగిరిపోవచ్చు, లేదా అదే అసలు పేరైపోవచ్చు. కనీసం ఎనిమిది పది రూపాలు నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. వెతికేటప్పుడు ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోండి, లేకపోతే వెతికిందే మళ్లీ వెతుకుతారు.

ఊరి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మండలాలు 1985లో వచ్చాయి, అప్పటికి ఉన్నవి తాలూకాలు. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. అంటే ఇవాళ్టి శ్రీకాకుళం కుర్రాడు సైన్యం పుస్తకంలో విశాఖపట్నం జిల్లావాడే, అదీ "విజగపటం" అన్న స్పెల్లింగుతో. కృష్ణా "కిస్ట్నా", కడప "కడ్డపా", కాకినాడ "కొకనాడా", విజయవాడ "బెజవాడ", ఏలూరు "ఎల్లోర్". నేను మా తాత కోసం మొదటిసారి రాసినప్పుడు ఇప్పటి జిల్లా పేరే రాశాను. రికార్డు లేదని జవాబొచ్చింది. పాత తాలూకా, పాత జిల్లా పేర్లతో మళ్లీ రాస్తే దొరికింది. ఆ ఒక్క పొరపాటుకు నాకు ఏడాది కాలం పోయింది. మీకు పోకూడదు.

4. పతకాలను చదవండి

ఆరు మొనల నక్షత్రం ఉంటే దాని మీద రాసిన నక్షత్రం పేరు చదవండి. ఆఫ్రికా స్టార్ ఉంటే 1940 జూన్ నుంచి 1943 మే మధ్య ఉత్తర ఆఫ్రికాలోనో తూర్పు ఆఫ్రికాలోనో ఉన్నాడని అర్థం. ఇటలీ స్టార్ 1943 జూన్ నుంచి 1945 మే వరకు. బర్మా స్టార్ 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు వరకు. గుండ్రంగా ఉండే వార్ మెడల్ 28 రోజులు పనిచేసిన ప్రతివాడికీ వచ్చింది, దాన్నిబట్టి ఏ దేశం వెళ్లాడో చెప్పలేం. ఇండియా సర్వీస్ మెడల్ మూడేళ్ల సర్వీసుకు ఇచ్చారు.

మనవాళ్లకు ఒక మేలుంది. బ్రిటిష్ సిపాయిలకు ఇచ్చిన రెండో యుద్ధపు నక్షత్రాల మీద పేరుండదు. భారత సైన్యంలో ఇచ్చినవాటి మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. నక్షత్రమైతే వెనకవైపు, గుండ్రటి పతకమైతే అంచు మీద చూడండి. మొదటి యుద్ధపు పతకాల అంచుల మీద కూడా ఉంటాయి.

చింతపండుతోనో బూడిదతోనో తోమకండి. ఆ అక్షరాలు లోతు తక్కువ, రెండుసార్లు తోమితే నంబరే చెరిగిపోతుంది. టార్చిలైటు పక్కనుంచి వేసి, నీడ పడేలా ఫొటో తీస్తే చెరిగిన అంకె కూడా కనిపిస్తుంది.

5. తిరిగొచ్చాడా, రాలేదా?

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

తిరిగి రాకపోతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు, మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు మరణించినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. పేరుతో దొరక్కపోతే అదనపు సమాచారం గడిలో ఊరి పేరో పాత జిల్లా పేరో వేసి వెతకండి. చాలా నమోదుల్లో "ఫలానా వారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు" అని రాసి ఉంటుంది. మన అవ్వ పేరు అక్కడ ఇంగ్లీషులో కనిపించినప్పుడు గొంతు పట్టేస్తుంది, ముందే చెబుతున్నాను.

హిందూ సిపాయిలను ఎక్కువగా దహనం చేశారు కాబట్టి సమాధి కోసం వెతక్కండి. పేరు స్మారక ఫలకం మీద ఉంటుంది. బర్మాలో పోయినవాళ్ల పేర్లు టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27,000 ఉన్నాయి. మలయా వైపు పోయినవాళ్లవి సింగపూర్ క్రాంజిలో ఉన్నాయి.

తిరిగొచ్చినవాడు ఆ వెబ్‌సైటులో ఉండడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. 1978లో ఇంట్లో మంచం మీద పోయిన తాతను అక్కడ వెతికి, అదే పేరున్న ఇంకొకరిని పట్టుకుని "మా తాత దొరికాడు" అంటారు. అలాగే "మొదటి యుద్ధపు సైనికుల రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో పెట్టారు" అని విని వెతికేవాళ్లు కూడా ఉన్నారు. అవి పంజాబు గ్రామాలవి. మన జిల్లాలు అందులో లేవు.

సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయినప్పుడు అక్కడ ఉన్నాడని ఇంట్లో చెబితే ఖైదీ అయ్యాడా, ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడా అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం చూడాలి. వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్లో కేటలాగు ఇంటి నుంచే వెతకొచ్చు.

6. రికార్డు ఆఫీసుకు రాయండి

సిపాయిల సర్వీసు కాగితాలు లండన్‌లో లేవు. ఆ దళం వారసుల రికార్డు ఆఫీసులో, ఇక్కడే ఉండాలి. మద్రాస్ శాపర్స్ అయితే బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు ఆఫీసు. 1941లో తిరిగి నిలబెట్టిన మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్.

ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఒక పేజీ దాటకుండా రాయండి. నంబరు మొదటి వరుసలో. తర్వాత పేరు, దాని స్పెల్లింగు రూపాలు, తండ్రి పేరు, పాత చిరునామా, చేరిన కాలం, మీ బంధుత్వం. చివర మీకేం కావాలో వరుసగా అడగండి: చేరిన తేదీ, పనిచేసిన కంపెనీలు (దళంలోని చిన్న విభాగాలు), సైన్యంలో అతని ట్రేడు, పతకాలు, విడుదలైన కారణం. కుటుంబ చరిత్ర రాయకండి, చదివే గుమాస్తాకు అంత సమయం ఉండదు.

ఒక ముఖ్యమైన మాట. పెన్షన్ రాని సిపాయిల సర్వీసు ఫైళ్లను నిబంధన ప్రకారం 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. యుద్ధం అయ్యాక 1946, 47ల్లో ఇళ్లకు పంపేసిన మన తాతల్లో ఎక్కువమంది పెన్షన్ లేనివాళ్లే. కాబట్టి "ఫైలు లేదు" అని జవాబొస్తే అక్కడితో ఆగిపోకండి. "లాంగ్ రోల్‌లో ఉన్న నమోదు ఇవ్వండి" అని మళ్లీ రాయండి. లాంగ్ రోల్ అంటే దళంలో చేరిన ప్రతివాడి పేరూ వరుసగా ఎక్కించిన పెద్ద పుస్తకం. దాన్ని నాశనం చేయరు. అందులో కొన్ని వరుసలే ఉంటాయి, కానీ ఆ వరుసలే మీకు కావలసినవి.

మామూలు ఉత్తరానికి రెండు మూడు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

7. నంబరు దొరక్కపోతే జిల్లాలో వెతకండి

మొదటి చోటు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ రానివాళ్లకూ వాళ్ల భార్యలకూ రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా సాయం ఇచ్చింది. మీ అవ్వకు "మిలిటరీ డబ్బులు" వచ్చాయంటే అక్కడ ఆమె పేరుతో ఫైలుంది, అందులో తాత నంబరు ఉంది.

రెండోది భూమి. మాజీ సైనికుల కింద తాతకు డి-పట్టా (సర్కారు భూమి పట్టా) వచ్చిందా? వస్తే తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంటు ఫైలు అడగండి. పట్టా కోసం పెట్టుకున్న దరఖాస్తుకు డిశ్చార్జి వివరాలు జతచేసి ఉంటారు. మూడోది ఊళ్లో మిగతా సైనికుల ఇళ్లు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని "మిలిటరీ మాధవరం" అంటారు, తరతరాలుగా అక్కడినుంచి సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. మీ ఊరు అంత పేరున్నది కాకపోయినా, ఒకే రోజు ఒకే రిక్రూటింగు జట్టుతో నలుగురు కలిసి వెళ్లి ఉంటారు. ఆ నలుగురిలో ఎవరి కాగితం దొరికినా మీ తాతకు దారి దొరుకుతుంది.

నిజాం రాజ్యపు ఊళ్లయితే లెక్క వేరు. హైదరాబాదు సంస్థానపు సేనల్లో చేరి ఉంటే కాగితాలు ఉర్దూలో ఉండొచ్చు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో, ఉర్దూ చదవగలిగినవాళ్లను తోడు తీసుకుని వెతకండి.

8. వడ్రంగి జీవితాన్ని వదిలేయకండి

దాదాపు అందరూ సైన్యం దగ్గర ఆగిపోతారు. నాకు బాధ కలిగించేది అదే. సైన్యంలో ఉన్నది నాలుగేళ్లు. నాగళ్లు చెక్కింది, బండి చక్రాలు బిగించింది, పెళ్లిళ్లకు మంచాలు చేసింది యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లకూ కాగితాలున్నాయి.

ఊరి వడ్రంగికి కల్లం దగ్గర రైతులు మేర, అంటే పనికి ప్రతిఫలంగా ధాన్యం, కొలిచేవాళ్లు. చాలా ఊళ్లలో వడ్రంగి సేవకు మాన్యం భూమి కూడా ఉండేది. 1860ల నాటి ఇనాం (మాన్యం) భూముల లెక్కలు రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఆ భూమి, అప్పుడు అనుభవిస్తున్న వడ్రంగి పేరు, అతని వారసుల పేర్లు ఉంటాయి. మీ తాతకు తాత అక్కడ కనిపించొచ్చు. కలెక్టరేటు రికార్డు విభాగంలోనో రాష్ట్ర అభిలేఖాగారంలోనో ఊరి పేరుతో అడగండి. ఆ మాన్యం తర్వాత ఏమైందో 1956 ఇనాం రద్దు చట్టం కింద ఇచ్చిన పట్టాల ఫైలు చెబుతుంది.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజుల నకళ్లు తీయించండి. ఇల్లు కొన్నా, స్థలం అమ్మినా, అప్పుకు తనఖా పెట్టినా అందులో తండ్రి పేరుతోపాటు వృత్తి కూడా రాసేవాళ్లు. 1938 పత్రంలో "వడ్రంగము" అనీ, 1948 పత్రంలో "మాజీ సైనికుడు" అనీ ఉంటే ఆయన జీవితం మలుపు తిరిగిన చోటు మీ కళ్లముందే ఉన్నట్టు.

పనిముట్లు మిగిలి ఉంటే అవీ చూడండి. బాడిసె, ఉలి, చిత్రిక, బరమా మన కమ్మరి చేసినవా, లేక ఇంగ్లీషు కంపెనీ ముద్ర ఉన్నవా? సైన్యం నుంచి కొత్త రకం పనిముట్టుతోపాటు కొత్త రకం అతుకు కూడా తెచ్చుకున్నాడేమో ఆయన చేసిన తలుపులు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు వడ్రంగం చేస్తున్న పెద్దాయన ఎవరినైనా ఇంటికి పిలిచి ఆ తలుపు చూపించండి. మనకు కనిపించనివి ఆయనకు కనిపిస్తాయి.

9. కంపెనీ ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి

కంపెనీ నంబరు తెలిశాకే ఈ మెట్టు. ప్రతి కంపెనీ రోజువారీ యుద్ధ డైరీ రాసేది. లండన్ దగ్గరి క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో బర్మా వైపువి డబ్ల్యూఓ (యుద్ధ కార్యాలయపు ఫైళ్ల వరుస) 172లో, ఈజిప్టు, లిబియా వైపువి డబ్ల్యూఓ 169లో, ఇటలీవి డబ్ల్యూఓ 170లో, మొదటి యుద్ధానివి డబ్ల్యూఓ 95లో ఉంటాయి. కేటలాగు వెతకడం ఉచితం. నకళ్లకు డబ్బు కట్టాలి, కాబట్టి ముందు ఏ నెలలు కావాలో తేల్చుకోండి.

డైరీలో మీ తాత పేరు ఉంటుందని ఆశపడకండి. అధికారుల పేర్లే రాస్తారు. కానీ "ఈరోజు మూడో ప్లటూను చెక్క వంతెన మరమ్మతు చేసింది" అన్న వాక్యం దొరికితే, ఆ ప్లటూనులో వడ్రంగి ఆ రోజు ఏం చేసి ఉంటాడో ఊహించడానికి మీకు హక్కుంది. దాన్ని ఊహగానే రాసుకోండి.

10. దొరికింది ఆయనేనా? తనిఖీ ఇలా

ఒక పెద్ద కాగితం మీద నిలువుగా సంవత్సరాలు వేయండి. పక్కన మూడు గడులు: ఇంట్లో చెప్పింది, సైన్యం కాగితం, ఊరి కాగితం. ప్రతి వివరానికీ అది ఎక్కడ దొరికిందో రాయండి. తర్వాత ఇవి చూడండి.

నంబరు, తండ్రి పేరు, ఊరు. ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే ఒప్పుకోండి. పేరు ఒక్కటే కలిస్తే పెన్సిలుతో రాసి పక్కన పెట్టండి.

తేదీలు కథతో సరిపోతున్నాయా? 1942లో చేరినవాడు 1941 మార్చిలో తూర్పు ఆఫ్రికాలో ముగిసిన కెరెన్ యుద్ధంలో ఉండడు. ఇంట్లో ఆ కథ ఉందంటే అది ఆయన తోటి సిపాయిది కావొచ్చు, చెప్పగా చెప్పగా ఆయనదైపోయి ఉంటుంది. కథను పారేయకండి, ఎవరిదో వెతకండి.

వయసు రెండు మూడేళ్లు తేడా వస్తే కంగారు పడకండి. చేరడానికి వయసు ఎక్కువో తక్కువో చెప్పడం మామూలే. పదేళ్లు తేడా వస్తే మాత్రం మీరు పట్టుకున్నది వేరే మనిషినే.

పతకం మీది నంబరు, డిశ్చార్జి పుస్తకం నంబరు వేరైతే? ముందు మీ ఫొటోలో 3ను 8గా చదివారేమో చూడండి. అది కాకపోతే ఆ పతకం మీ తాత తమ్ముడిదో బావమరిదిదో అయి ఉండొచ్చు. ఒకే ఇంటినుంచి ఇద్దరు వెళ్లడం కొత్తేం కాదు. అప్పుడు రెండో నంబరుతో ఆరో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.